పత్రాలన్నిటా ఒకే పేరు.. ఒకే పుట్టిన తేదీ

విదేశాల్లో ఉంటున్న నంద్యాల, ఆళ్లగడ్డ వాసులు ముందుగా సరిచూసుకోవాల్సింది పాస్‌పోర్టునే

నంద్యాల, ఆళ్లగడ్డ: బతుకుతెరువు కోసం, చదువు కోసం విదేశాలకు వెళ్లినవారికి అక్కడ గుర్తింపునిచ్చేవి పత్రాలే. వీటిలో పాస్‌పోర్టు మూలం. నివాస అనుమతి, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, బీమా, పిల్లల చదువు.. అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడినా, అందులో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్నా ఇబ్బంది ఒక్కచోట ఆగదు. గల్ఫ్‌లో అకామా నిలిచిపోతుంది. ఇంట్లో శుభకార్యానికో, చావుకో రావాలన్నా విమానాశ్రయంలో అడ్డంకి ఎదురవుతుంది. కడప జిల్లాను ఆనుకొని ఉన్న ఆళ్లగడ్డ, చాగలమర్రి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన కుటుంబాలకు ఈ సంగతి అనుభవమే. అయినా గడువు ముగిసే నెలలోనే పత్రాలను బయటకు తీసేవారే ఎక్కువ. ఏ పత్రాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఏ వరుసలో నవీకరించుకోవాలో తెలిపే వివరాలివి.

ఏడాది ముందే మొదలుపెట్టాలి

పెద్దలకు జారీ చేసే సాధారణ పాస్‌పోర్టు 10 ఏళ్లు చెల్లుతుంది. పిల్లలకు 5 ఏళ్లు లేదా 18 ఏళ్లు నిండే వరకు.. వీటిలో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచే పునర్జారీకి దరఖాస్తు చేసుకోవచ్చు. చాలా దేశాలు ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు ఉండాలని కోరుతున్నాయి. అంటే 10 ఏళ్ల పాస్‌పోర్టు ఆచరణలో తొమ్మిదిన్నర ఏళ్లకే అక్కరకు వస్తుందని లెక్క వేసుకోవాలి.

చేతిరాత పాస్‌పోర్టులు 2015 నవంబరు 24 తర్వాత అంతర్జాతీయ ప్రయాణానికి పనికిరాకుండా పోయాయి. యంత్రం చదవగలిగే పాస్‌పోర్టులే ఆ తర్వాత చెల్లుతున్నాయి. చిప్‌తో కూడిన ఈ-పాస్‌పోర్టుల జారీ 2024లో ప్రయోగాత్మకంగా మొదలై ఆ తర్వాత విస్తరించింది. చేతిలో ఉన్న చిప్ లేని పాస్‌పోర్టు దాని గడువు వరకు చెల్లుతుంది. చిప్ కోసమే ముందుగా మార్చుకోవాల్సిన పనిలేదు.

పునర్జారీ అయిన ప్రతిసారీ పాస్‌పోర్టు సంఖ్య మారుతుంది. పాత పాస్‌పోర్టును రద్దు చేసి, మూల కత్తిరించి తిరిగి ఇస్తారు. అందులో చెల్లుబాటులో ఉన్న వీసా ఉంటే పాతది, కొత్తది రెండూ వెంట ఉంచుకొని ప్రయాణించాలి. రద్దయిందని పాతదాన్ని పారేసుకుంటే వీసా కూడా పోయినట్లే.

సెలవులో వచ్చి చేయించుకోవాలా.. అక్కడే చేయించుకోవాలా

విదేశంలో ఉన్నవారు అక్కడి భారత దౌత్య కార్యాలయం ద్వారా పాస్‌పోర్టు పునర్జారీ పొందవచ్చు. కువైట్‌లో ఉన్నవారికి కువైట్ నగరంలోని రాయబార కార్యాలయం, సౌదీలో ఉన్నవారికి రియాద్‌లోని రాయబార కార్యాలయం, జెడ్డాలోని కాన్సులేట్, యూఏఈలో ఉన్నవారికి అబుదాబిలోని రాయబార కార్యాలయం, దుబాయ్‌లోని కాన్సులేట్ ఈ పని చూస్తాయి. దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపి, దౌత్య కార్యాలయం నియమించిన సేవా కేంద్రంలో పత్రాలు అందజేయాలి. అవసరమనుకుంటే స్వగ్రామంలోని చిరునామాపై పోలీసు విచారణ కోరతారు. అప్పుడు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులో, భార్యో విచారణకు వచ్చిన సిబ్బందికి వివరాలు చెప్పాలి. ఇంటి తలుపు వేసి ఉంటే దస్త్రం అక్కడే ఆగుతుంది. దరఖాస్తు చేసిన వెంటనే ఇంటికి కబురు చెప్పడం మేలు.

సెలవుపై సొంతూరికి వచ్చినవారు ఇక్కడా దరఖాస్తు చేసుకోవచ్చు. 2018 జూన్ నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనైనా దరఖాస్తుకు వీలు కల్పించారు. పోస్టాఫీసుల్లోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలను తెరిచే కార్యక్రమం 2017 జనవరిలో మైసూరు, దాహోద్‌లలో మొదలైంది. అనంతరం కర్నూలు, కడపలకూ ఆ సౌకర్యం వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ వారు తమకు ముందుగా సమయం దొరికిన కేంద్రాన్ని ఎంచుకోవచ్చు. ఎక్కడ దరఖాస్తు చేసినా పోలీసు విచారణ మాత్రం చిరునామా ఉన్న చోటే జరుగుతుంది.

రెండింటిలో ఏది మేలన్నది సెలవు రోజులను బట్టి తేల్చుకోవాలి. కువైట్ నివాస అనుమతి ఉన్నవారు సాధారణంగా 6 నెలలకు మించి ఆ దేశం వెలుపల ఉంటే అనుమతి రద్దవుతుంది. ఇళ్లలో పనిచేసేవారికి 2024లో వచ్చిన కొత్త నివాస చట్టం ఆ గడువును 4 నెలలకు తగ్గించింది. నెల రోజుల సెలవులో వచ్చి, పేరు మార్పు వంటి చిక్కు పనిని చివరి వారంలో మొదలుపెడితే తిరుగు ప్రయాణమే ప్రశ్నార్థకం కావచ్చు. గడువు పొడిగింపు మాత్రమే అయితే పనిచేసే దేశంలోనే చేయించుకోవడం సులువు. ఊళ్లోని ధ్రువపత్రాలు కావలసిన సవరణలైతే సెలవు మొదటి వారంలోనే పని ప్రారంభించాలి.

అకామాకు పాస్‌పోర్టే హద్దు

కువైట్‌లో 2016 నుంచి నివాస అనుమతి కాలాన్ని పాస్‌పోర్టు గడువుతో ముడిపెట్టారు. పాస్‌పోర్టుకు ఏడాది గడువే మిగిలి ఉంటే రెండేళ్లకు రుసుము కట్టినా ప్రయోజనం ఉండదు. 2019 మార్చి 10 నుంచి కువైట్‌లో పాస్‌పోర్టుపై అకామా స్టిక్కర్ వేయడం మానేశారు. అప్పటి నుంచి సివిల్ ఐడీ కార్డే నివాసానికి రుజువు. మనవాళ్లు ‘బతాకా’ అని పిలిచేది దీన్నే. ఈ కార్డుపై 12 అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె శతాబ్దాన్ని, తర్వాతి 6 అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీని సూచిస్తాయి. పాస్‌పోర్టులో పుట్టిన తేదీ తప్పుగా పడితే ఆ తప్పు ఈ సంఖ్యలోకీ వెళ్లి కూర్చుంటుంది. తర్వాత పాస్‌పోర్టులో సరిచేసుకున్నా అక్కడి దస్త్రాలన్నిటినీ మార్పించుకోవాల్సి వస్తుంది.

కొత్త పాస్‌పోర్టు రాగానే ఆ సంఖ్యను అక్కడి నివాస వ్యవహారాల శాఖ దస్త్రాల్లో చేర్పించాలి. కఫీల్ లేదా సంస్థ ప్రతినిధి చేస్తారులే అని వదిలేస్తే ప్రయాణం రోజున కొత్త పాస్‌పోర్టుకు, పాత సంఖ్యతో ఉన్న అకామాకు పొంతన కుదరదు. సౌదీలోనూ కొత్త పాస్‌పోర్టు వివరాలను అకామా దస్త్రంలోకి మార్పించుకోవాలి. యూఏఈలో 2022 నుంచి పాస్‌పోర్టుపై నివాస వీసా ముద్ర స్థానంలో ఎమిరేట్స్ ఐడీ వచ్చింది. దాని గడువు ముగిసి 30 రోజులు దాటితే రోజుకు 20 దిర్హాముల చొప్పున, గరిష్ఠంగా 1,000 దిర్హాముల వరకు జరిమానా పడుతుంది.

పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. దాన్ని తన వద్ద ఉంచుకునే హక్కు యజమానికి లేదు. కువైట్‌లో ప్రైవేటు సంస్థలు కార్మికుల పాస్‌పోర్టులు తీసి పెట్టుకోరాదని 2007లో ఉత్తర్వులు వచ్చాయి. ఇంటి పనివారి విషయంలో 2015 నాటి 68వ చట్టమూ అదే చెబుతోంది. అయినా కఫీల్ తీసి పెట్టుకొన్న పాస్‌పోర్టు గడువు ఎప్పుడు ముగుస్తుందో కార్మికుడికే తెలియని సందర్భాలుంటాయి. అందుకే మొదటి, చివరి పేజీల నకళ్లు తన వద్ద ఒకటి, ఊళ్లో ఇంటి వద్ద ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

ఇంటిపేరుతోనే చిక్కు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి ధ్రువపత్రంలో అది పొడి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు. విడమరచి రాయాలి. ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు మరో గడి ఉంటాయి. దరఖాస్తు నింపినవారు రెండింటినీ కలిపి ఒకే గడిలో రాస్తే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా మిగులుతుంది. షేక్, సయ్యద్, పఠాన్ వంటివి ఒక పత్రంలో ఇంటిపేరుగా, మరోదానిలో పేరులో భాగంగా పడటం నంద్యాల ప్రాంతంలో మామూలే. పెళ్లయిన మహిళలకు పుట్టింటి పేరు ఒకచోట, మెట్టినింటి పేరు మరోచోట ఉంటాయి.

ఒకే పదం ఉన్న పేరుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన తెచ్చింది. దీంతో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఎంతోమంది పాస్‌పోర్టులు మార్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా దరఖాస్తు చేసేవారు రెండు గడులూ నింపుకోవడమే శ్రేయస్కరం.

గల్ఫ్‌లో మరో చిక్కు లిపితో వస్తుంది. అరబిక్‌లో ‘ప’ అక్షరం లేదు. దాని బదులు ‘బ’ రాస్తారు. పుల్లయ్య పేరు అరబిక్‌లోకి వెళ్లి తిరిగి ఇంగ్లిషులోకి వచ్చేసరికి బుల్లయ్య కావచ్చు. సివిల్ ఐడీపై ఇంగ్లిషు పేరు పాస్‌పోర్టులోని స్పెల్లింగుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలిందో లేదో కార్డు చేతికి రాగానే చూసుకోవాలి. స్టిక్కర్ విధానం పోయాక విమానాశ్రయంలో ఆ కార్డునే చూస్తున్నందున ఒక్క అక్షరం తేడా కూడా ప్రయాణానికి ఆటంకం కాగలదు.

వయసు మార్పించడం ముప్పు

పుట్టిన తేదీని మార్చుకోవడం అన్నిటికన్నా కష్టం. బడికి వెళ్లనివారికి అసలు తేదీ తెలియక జనవరి 1 అనో, జులై 1 అనో రాయించిన పత్రాలు పల్లెల్లో తక్కువేమీ కావు. ఇది చాలదన్నట్లు కొందరు ఏజెంట్లు వయసు పెంచి రాయిస్తుంటారు. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు వలస అనుమతి అవసరమైన కోవలోకి వస్తాయి. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వీరికి 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తప్పనిసరి. ఈ కోవలోని మహిళలకు 30 ఏళ్లు నిండి ఉండాలన్న నిబంధన ఉంది. దాన్ని దాటేందుకే వయసు మార్పించే దళారులు పుట్టుకొచ్చారు.

తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు పొందడం పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద నేరం. శిక్ష పడేది దళారికి మాత్రమే కాదు, పాస్‌పోర్టు ఎవరి పేరున ఉందో వారికి కూడా. పైగా తర్వాత పునర్జారీ సమయంలో ఆధార్‌లో ఒక తేదీ, పాస్‌పోర్టులో మరో తేదీ బయటపడతాయి. అనుమతితో వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రూ.10 లక్షల ప్రమాద బీమా ఉంది. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం. జరగరానిది జరిగితే ఆ మొత్తం కుటుంబానికి చేరాలన్నా మృతుడి వివరాలు, నామినీ వివరాలు పత్రాలన్నిటా కలవాలి. వయసు మార్చి సంపాదించిన పాస్‌పోర్టు ఆనాడు ఇంటివారిని ఇరకాటంలో పెడుతుంది.

పుట్టిన తేదీ రుజువుకు 2016 డిసెంబరులో నిబంధనలు సడలించారు. పదో తరగతి ధ్రువపత్రం, ఆధార్, పాన్ వంటి వాటిలో ఏదో ఒకటి చాలునన్నారు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి మాత్రం జనన ధ్రువపత్రమే ఏకైక రుజువని 2025లో నిబంధన సవరించారు. ఇక మీదట పుట్టే పిల్లలకు మునిసిపాలిటీలోనో, పంచాయతీలోనో జనన నమోదు జాప్యం లేకుండా పూర్తి చేయించడం తల్లిదండ్రుల బాధ్యత.

జిల్లా మారింది.. పిన్‌కోడ్ మారలేదు

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతకుముందు జారీ అయిన పాస్‌పోర్టులు, ఆధార్ కార్డుల్లో నంద్యాల, ఆళ్లగడ్డ వాసుల చిరునామా కర్నూలు జిల్లాగానే ఉంది. ఆ కారణంగా పాస్‌పోర్టు చెల్లకుండా పోదు. గడువు వరకు వాడుకోవచ్చు. పునర్జారీ సమయంలో కొత్త జిల్లా పేరు రాయాలి. ఆ లెక్కన పాత జిల్లా పేరున్న 10 ఏళ్ల పాస్‌పోర్టులు 2032 ఏప్రిల్ నాటికి దాదాపుగా మారిపోతాయి.

పునర్జారీ దరఖాస్తులో జిల్లా, పోలీసు స్టేషన్ వివరాలను జాగ్రత్తగా ఎంచుకోవాలి. పాత పత్రం చూసి కర్నూలు అని నింపితే విచారణ దస్త్రం తిరిగి తిరిగి రావాల్సి ఉంటుంది. ముందుగా ఆధార్‌లో చిరునామా నవీకరించుకొని, దాన్నే రుజువుగా జతపరిస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నంద్యాల పిన్‌కోడ్ 518501, ఆళ్లగడ్డ పిన్‌కోడ్ 518543 యథాతథంగా ఉన్నాయి. జిల్లా మారిందని పుట్టిన ఊరును మార్చి రాయడం తగదు. ఏ పత్రంలోనైనా పుట్టిన ఊరు ఒక్కటే ఉండాలి.

ఆధార్‌కు సొంతూరికి రావాల్సిందే

విదేశాల్లోని దౌత్య కార్యాలయాల్లో ఆధార్ నమోదు ఉండదు. వేలిముద్రలు, కంటిపాప, ఫొటో నవీకరణ కావాలంటే స్వదేశంలోని కేంద్రానికి రావాల్సిందే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు 182 రోజులు దేశంలో నివసించి ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. వచ్చిన మర్నాడే నమోదు చేసుకోవచ్చు. వీరికి గుర్తింపు రుజువు చెల్లుబాటులో ఉన్న భారత పాస్‌పోర్టు మాత్రమే. పాస్‌పోర్టు గడువు ముగిసి ఉంటే ఆధార్ పనీ ఆగుతుంది. 2024 జనవరిలో వచ్చిన కొత్త దరఖాస్తుల్లో దేశంలో చిరునామా ఉన్న ప్రవాసులకు 1వ నమూనా, విదేశీ చిరునామా ఇచ్చేవారికి 2వ నమూనా కేటాయించారు.

ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. చిరునామాకు అటువంటి పరిమితి లేదు. 2025 అక్టోబరు 1 నుంచి పేరు, చిరునామా వంటి వివరాల మార్పునకు రూ.75, వేలిముద్రలు, కంటిపాప నవీకరణకు రూ.125 రుసుము అమల్లోకి వచ్చింది. పిల్లలకు 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 ఏళ్లు నిండాక మరోసారి వేలిముద్రలు తప్పక ఇవ్వాలి. విదేశంలో పెరుగుతున్న పిల్లల విషయంలో దీన్ని మరచిపోయేవారు ఎక్కువ.

చేతులతో కష్టం చేసేవారికి వేలిముద్రలు అరిగిపోతుంటాయి. ఆళ్లగడ్డ శిల్పులకు, గల్ఫ్‌లో భవన నిర్మాణ పనులు చేసినవారికి ఇది తెలిసిన బాధే. అటువంటివారు కంటిపాప వివరాలు సరిగా నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. ఓటీపీ అందాలంటే ఆధార్‌కు జతచేసిన భారతీయ మొబైల్ నంబరు పనిచేస్తూ ఉండాలి. విదేశానికి వెళ్లాక రీఛార్జి చేయక ఆ నంబరు వేరొకరికి వెళ్లిపోతే ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో చేసుకోగలిగే పని కోసం కూడా మళ్లీ సొంతూరి కేంద్రానికి రావాలి.

అక్కడ పుట్టిన పిల్లలకు ఏడాది గడువు

విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో తల్లిదండ్రులు మరవకూడని నిబంధన ఒకటుంది. 1955 నాటి పౌరసత్వ చట్టం 4వ సెక్షన్ ప్రకారం 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్యంగా భారత పౌరసత్వం దక్కాలంటే పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత దౌత్య కార్యాలయంలో జనన నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. గల్ఫ్ దేశాల్లో పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. ఇక్కడా నమోదు కాకుంటే బిడ్డ ఏ దేశానికీ చెందనట్లు మిగిలిపోయే ప్రమాదముంది. ఆస్పత్రి ఇచ్చే అరబిక్ జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్లే పడ్డాయో లేదో అప్పుడే చూసుకోవాలి.

పాస్‌పోర్టు పోతే.. అకామా పోతే

పాస్‌పోర్టు పోయినట్లయితే ముందు స్థానిక పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, దాని నకలుతో దౌత్య కార్యాలయానికి వెళ్లాలి. పాత పాస్‌పోర్టు సంఖ్య, జారీ తేదీ, జారీ చేసిన చోటు తెలిస్తే పని వేగంగా సాగుతుంది. పోయిందని ఫిర్యాదు చేశాక పాతది దొరికినా దానితో ప్రయాణించరాదు. ఇంటికి రావడం మాత్రమే కావాలంటే అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. గల్ఫ్‌లో దీన్నే ‘ఔట్‌పాస్’ అంటారు. ఇది స్వదేశానికి ఒక్కసారి చేరుకోవడానికే పనికొస్తుంది.

అకామా లేకుండా మిగిలిపోయి, ‘ఖల్లివెల్లి’ అనిపించుకుంటున్నవారికి కువైట్ ప్రభుత్వం 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్లేందుకు వీలు కల్పించింది. అయితే అటువంటి అవకాశం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినా చేతిలో పాస్‌పోర్టో, ఔట్‌పాసో ఉన్నవారికే అది ఉపయోగం. ప్రతిసారీ చివరి రోజుల్లో ఔట్‌పాసుల కోసం బారులు తీరడం కనిపించింది.

యజమాని వేధింపులు, జీతం బకాయిలు, పాస్‌పోర్టు ఇవ్వకపోవడం వంటి వాటిపై విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఊళ్లో ఉన్న కుటుంబ సభ్యులూ నమోదు చేయవచ్చు. ఇందుకు పాస్‌పోర్టు సంఖ్య తెలిసి ఉండాలి.

ఓటు, బ్యాంకు ఖాతా సంగతి

భారత పౌరసత్వం ఉండి విదేశాల్లో నివసిస్తున్నవారు పాస్‌పోర్టులోని చిరునామా ఉన్న నియోజకవర్గంలో ఓటరుగా నమోదు కావచ్చు. 2010లో చేసిన సవరణతో 2011 నుంచి ఈ హక్కు వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ అసెంబ్లీ నియోజకవర్గాల ప్రవాసులు 6ఏ దరఖాస్తు నింపాలి. వీరికి ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వరు. పోలింగు రోజున అసలు పాస్‌పోర్టు చూపి ఓటు వేయాలి. అందువల్ల పాస్‌పోర్టు చిరునామా తప్పుగా ఉంటే ఓటు కూడా వేరే చోటికి వెళ్తుంది.

విదేశానికి వెళ్లి ప్రవాసిగా మారినవారు ఊళ్లోని సాధారణ పొదుపు ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుకోవాలని విదేశీ మారకద్రవ్య నిబంధనలు చెబుతున్నాయి. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ బ్యాంకులో కొత్త నకలు ఇవ్వాలి. పాన్‌తో ఆధార్ అనుసంధానం నుంచి ప్రవాసులకు మినహాయింపు ఉంది. అయితే తాము ప్రవాసులమని ఆదాయపు పన్ను శాఖ దస్త్రాల్లో నమోదై ఉండాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికి

అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల పౌరసత్వం తీసుకున్న మరుక్షణం భారత పౌరసత్వం రద్దవుతుంది. ఆ తర్వాత భారత పాస్‌పోర్టు వాడటం నేరం. దాన్ని దౌత్య కార్యాలయంలో అప్పగించి ధ్రువపత్రం తీసుకోవాలి. వీరు ఓసీఐ కార్డు పొందవచ్చు. తొలి ఓసీఐ కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ అందజేశారు. ఈ కార్డుతో ఓటు హక్కు రాదు. వ్యవసాయ భూములు కొనే వీలూ లేదు.

2021 ఏప్రిల్‌లో ఓసీఐ నిబంధనలు సరళమయ్యాయి. 20 ఏళ్లు నిండాక కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు ఒక్కసారి కార్డు మార్చుకుంటే చాలు. 20 ఏళ్లలోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 ఏళ్లు నిండాక ఒకసారి కొత్త పాస్‌పోర్టు నకలు, ఫొటోలను మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. సొంతూళ్లో స్థిరపడిన ఓసీఐ కార్డుదారులు దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు దేశంలో ఉండి ఉంటే ఆధార్ తీసుకోవచ్చు. అది 10 ఏళ్లు చెల్లుతుంది. ఇతర విదేశీయుల ఆధార్ వీసా గడువు వరకే. ఆధార్ గుర్తింపునకే తప్ప పౌరసత్వానికి రుజువు కాదన్నది అందరికీ వర్తిస్తుంది.

వరుస ఇదీ

మొదట పాస్‌పోర్టు గడువు, పేరు, పుట్టిన తేదీ చూసుకోవాలి. తప్పుంటే ఊళ్లోని జనన ధ్రువపత్రం, పదో తరగతి ధ్రువపత్రాలతో పోల్చి ఏది సరైనదో తేల్చుకోవాలి. చిరునామా మార్పు ఉంటే ఆధార్‌లో ముందుగా సరిచేయించి, తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి. కొత్త పాస్‌పోర్టు రాగానే పనిచేసే దేశంలోని అకామా, గుర్తింపు కార్డుల్లో ఆ సంఖ్య నమోదు చేయించాలి. ఆ తర్వాత బ్యాంకు, బీమా, ఓటరు నమోదు వంతు.

దరఖాస్తుకు పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ ఒక్కటే అధికారిక వెబ్‌సైట్. అదే రూపంలో కనిపించే నకిలీ సైట్లలో డబ్బు కట్టి మోసపోరాదు. పాస్‌పోర్టు సందేహాలకు 1800-258-1800, ఆధార్‌కు 1947, ఓటరు నమోదుకు 1950 నంబర్లలో సంప్రదించవచ్చు. పాస్‌పోర్టు, అకామా, వీసా నకళ్లతో పాటు కఫీల్ చిరునామా, ఫోన్ నంబరును ఒక కవరులో ఉంచి సొంతూళ్లో నమ్మకమైనవారి వద్ద దాచాలి. ఆపద సమయంలో దౌత్య కార్యాలయం మొదట అడిగేవి ఆ వివరాలనే.